వోల్టేజీ, కరెంటుల నుంచి నిరోధం, పవర్ లెక్కగట్టడం: హీటరుకు కుదిరిన సూత్రం మోటారుకు ఎందుకు కుదరదు?

మీ ప్రశ్నను నేను ఇలా అర్థం చేసుకున్నాను. హన్మకొండలోని మీ ఇంట్లో నీళ్లు కాచుకునే రాడ్డు నడుస్తుండగా సాకెట్టు దగ్గర వోల్టేజీ 218, టాంగ్ టెస్టరులో (తీగను దవడల మధ్య పట్టి కరెంటు కొలిచే మీటరులో) కరెంటు 6.2 ఆంపియర్లు వచ్చాయి. రాడ్డు ఆపితే అదే సాకెట్టులో 226 వోల్టులు కనిపించాయి. రాడ్డు మీద 1500 వాట్లని ముద్రించి ఉంది కానీ మీ లెక్కలో అంత రాలేదు. ఇంటి బావికి బిగించిన ఒక హార్స్‌పవర్ సింగిల్ ఫేజ్ మోటారును కూడా అలాగే కొలిస్తే 218 వోల్టులు, 6.8 ఆంపియర్లు వచ్చాయి. సరఫరా తీసేసి దాని రన్నింగ్ వైండింగును, అంటే లోపలి ప్రధాన తీగచుట్టను, మల్టీమీటరుతో చూస్తే 4 ఓములే ఉంది. ఈ అంకెలతో రెసిస్టెన్స్, అంటే నిరోధం, పవర్ ఎలా లెక్కగట్టాలి, రాడ్డు తక్కువ వాట్లు ఎందుకు ఇస్తోంది, మోటారు అంకెలు ఒకదానితో ఒకటి ఎందుకు పొసగడం లేదు అని అడిగారు.

సూటి సమాధానం: నిరోధం కావాలంటే వోల్టేజీని కరెంటుతో భాగించాలి, పవర్ కావాలంటే వోల్టేజీని కరెంటుతో గుణించాలి. మీ రాడ్డుకు 218 ÷ 6.2 = 35.2 ఓములు, 218 × 6.2 = 1352 వాట్లు. ఈ లెక్క సరైనదే, రాడ్డులోనూ లోపం లేదు. మోటారు విషయంలో మాత్రం 218 ÷ 6.8 = 32 అన్నది వైండింగు నిరోధం కాదు, 218 × 6.8 = 1482 అన్నది వాట్లూ కాదు. మొదటిది ఇంపెడెన్స్, అంటే కరెంటుకు ఎదురయ్యే మొత్తం అడ్డంకి, రెండోది వోల్ట్ ఆంపియర్లు. మీ మోటారు నిజంగా తీసుకుంటున్నది బహుశా 1200 వాట్ల దరిదాపుల్లో ఉంటుంది. దాన్ని మీరే తేల్చుకునే మార్గం మీ ఇంటి మీటరులో ఉంది, దాన్ని చివర్లో వివరిస్తాను.

వరంగల్‌లో మోటారు వైండింగు పనిలోనే నా వయసంతా గడిచింది. అప్రెంటిస్‌కు వచ్చే ఐటీఐ పిల్లలు ఈ రెండు సూత్రాలనూ అప్పజెప్పగలరు కానీ, ఏ వస్తువుకు వాటిని వాడవచ్చో, ఏ వస్తువుకు వాడకూడదో చాలామందికి తెలియదు. మీకు వచ్చిన చిక్కు అదే కాబట్టి కొంచెం విస్తారంగా రాస్తున్నాను.

ముందు రాడ్డు సంగతి చూద్దాం. జర్మనీ శాస్త్రవేత్త గేయోర్గ్ సైమన్ ఓమ్ 1827లో ప్రచురించిన నియమం ప్రకారం, ఉష్ణోగ్రత మారనంతవరకు ఒక తీగలో ప్రవహించే కరెంటు దాని రెండు కొసల మధ్య ఉన్న వోల్టేజీకి అనుపాతంలో ఉంటుంది. అంటే వోల్టేజీ తగ్గితే కరెంటు కూడా అదే నిష్పత్తిలో తగ్గుతుంది, స్థిరంగా ఉండేది నిరోధం ఒక్కటే. రాడ్డు మీద ముద్రించిన 1500 వాట్లు మన దేశపు ప్రామాణిక వోల్టేజీ అయిన 230కి చెప్పిన మాట. ఆ అంకె నుంచి నిరోధం తీస్తే 230 × 230 ÷ 1500 = 35.3 ఓములు. మీరు కొలిచిన అంకెల నుంచి వచ్చింది 35.2. ఇంత దగ్గరగా రావడం మీ మీటర్లు రెండూ బాగా పనిచేస్తున్నాయనడానికి కూడా నిదర్శనం. తయారీదారు చెప్పిన తీగే లోపల ఉంది, దానికి అందుతున్న వోల్టేజీయే తక్కువ.

వోల్టేజీ 5 శాతం తగ్గితే పవర్ కూడా 5 శాతమే తగ్గాలి కదా అని మీకు సందేహం రావచ్చు. వోల్టేజీ తగ్గినప్పుడు కరెంటు కూడా తగ్గుతుంది, ఆ రెండింటి లబ్ధం కాబట్టి పవర్ రెండు విధాలా తగ్గుతుంది. అందుకే పవర్ = వోల్టేజీ × వోల్టేజీ ÷ నిరోధం అన్న రూపం హీటర్ల విషయంలో ఎంతో పనికొస్తుంది. 218 వోల్టుల దగ్గర మీ రాడ్డు దాదాపు 10 శాతం పవర్ కోల్పోయింది. యాసంగిలో ఊళ్లలో మోటార్లన్నీ ఒక్కసారి నడిచే వేళ వోల్టేజీ 180కి దిగిందనుకోండి, అదే రాడ్డు 918 వాట్లే ఇస్తుంది, అంటే మూడింట రెండు వంతుల కన్నా కూడా తక్కువ.

దీనివల్ల బిల్లు పెరుగుతుందేమోనన్న భయం చాలామందిలో ఉంది. ఒక బకెట్టులో 15 లీటర్ల నీటిని 20 డిగ్రీల నుంచి 45 డిగ్రీలకు వేడి చేయడానికి కావలసిన శక్తి సుమారు 1570 కిలోజౌళ్లు, అంటే 0.44 యూనిట్లు. ఒక యూనిట్ అంటే 1000 వాట్ల వస్తువు ఒక గంట నడవడం, అది 3600 కిలోజౌళ్లకు సమానం. 1500 వాట్ల దగ్గర ఈ పని పదిహేడున్నర నిమిషాల్లో అవుతుంది, మీ 1352 వాట్ల దగ్గర పంతొమ్మిదిన్నర నిమిషాలు పడుతుంది, 918 వాట్ల దగ్గర ఇరవై ఎనిమిదిన్నర నిమిషాలు పడుతుంది. బకెట్టు నుంచి గాలిలోకి పోయే వేడిని పక్కన పెడితే ఖర్చయ్యే యూనిట్లు మూడు సందర్భాల్లోనూ ఒకటే. తక్కువ వోల్టేజీలో హీటరు మీ సమయాన్ని తీసుకుంటుంది కానీ డబ్బును పెద్దగా తీసుకోదు. మోటారు కథ దీనికి పూర్తిగా వేరు, అక్కడికి తర్వాత వస్తాను.

ఇక్కడే తరచూ వినిపించే ఇంకో ప్రశ్నకు జవాబు చెప్పాలి: నిరోధం పెరిగితే వేడి పెరుగుతుందా, తగ్గుతుందా? పుస్తకంలో ఒకచోట కరెంటు వర్గాన్ని నిరోధంతో గుణించమని, మరోచోట వోల్టేజీ వర్గాన్ని నిరోధంతో భాగించమని ఉంటుంది. ఒకదాని ప్రకారం పెరగాలి, ఇంకోదాని ప్రకారం తగ్గాలి. రెండూ నిజమే. ఏది స్థిరంగా ఉందో చూసుకుని సూత్రం ఎంచుకోవాలి. సాకెట్టుకు తగిలించిన వస్తువుకు వోల్టేజీ స్థిరంగా ఉంటుంది, అక్కడ నిరోధం తగ్గితే వేడి పెరుగుతుంది. ఒకే దారిలో వరుసగా ఉన్న వస్తువుల గుండా ఒకే కరెంటు పోతుంది, అక్కడ ఎక్కువ నిరోధం ఉన్నచోట ఎక్కువ వేడి పుడుతుంది.

మొదటిదానికి ఉదాహరణ కాయిల్ పొయ్యి. 1000 వాట్ల కాయిల్ ఒకచోట తెగితే, తెగినచోట కొంత ముక్క తీసేసి మిగతాది సాగదీసి మళ్లీ తగిలించే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. అసలు కాయిల్ నిరోధం 52.9 ఓములు. అయిదో వంతు ముక్క పోతే 42.3 ఓములు మిగులుతుంది, పవర్ 1250 వాట్లకు పెరుగుతుంది. పొయ్యి ఇంకా బాగా మండుతోందని సంతోషిస్తారు కానీ, తక్కువ పొడవున్న తీగ ఎక్కువ వేడిని మోస్తోంది కాబట్టి అది మళ్లీ త్వరగా తెగుతుంది, ప్లగ్గు కూడా ఎక్కువ కరెంటును భరించాల్సి వస్తుంది. అలా అతికిన కాయిల్‌ను వాడవద్దనే నా సలహా. రెండోదానికి ఉదాహరణ, 40 వాట్ల ఫిలమెంటు బల్బును, 100 వాట్ల బల్బును వరుసగా కలిపి ఒకే సరఫరాకు ఇవ్వడం. ఎక్కువ నిరోధం ఉన్న 40 వాట్ల బల్బే ఎక్కువ వెలుగుతుంది. ఐటీఐ ల్యాబులో దీన్ని కళ్లారా చూసిన విద్యార్థి ఇక ఈ విషయం మరిచిపోడు.

రాడ్డును చల్లగా ఉన్నప్పుడు మల్టీమీటరుతో కొలిస్తే మీకు 34, 35 ఓముల మధ్య రావాలి. లోపలున్న నైక్రోమ్ తీగ నిరోధం వేడికి చాలా స్వల్పంగానే మారుతుంది, హీటర్లకు ఆ లోహాన్ని ఎంచుకోవడానికి ఉన్న కారణాల్లో అదొకటి. పాత ఫిలమెంటు బల్బు అలా కాదు. 230 వోల్టుల దగ్గర 100 వాట్లు ఇచ్చే బల్బు వెలుగుతున్నప్పుడు 529 ఓములు ఉంటుంది కానీ, చల్లటి బల్బును కొలిస్తే 40 ఓముల దరిదాపుల్లో చూపిస్తుంది. టంగ్‌స్టన్ తీగ తెల్లగా కాగినప్పుడు దాని నిరోధం పది రెట్లకు పైగా పెరుగుతుంది. కాబట్టి లెక్కలో వచ్చిన ఓములు వస్తువు పనిచేస్తున్న స్థితిలోనివని, మల్టీమీటరు చూపేవి చల్లగా, పని లేకుండా ఉన్న స్థితిలోనివని గుర్తుంచుకోవాలి.

ఇక కొలిచే పద్ధతి. అంకెలు తప్పయితే సూత్రం ఎంత సరైనదైనా ప్రయోజనం లేదు.

వోల్టేజీని, కరెంటును ఒకే సమయంలో, వస్తువు నడుస్తుండగా, ఆ వస్తువు దగ్గరే కొలవాలి. వోల్టేజీ 230 ఉంటుందిలే అని అనుకుని లెక్క వేయకూడదు. రాడ్డు ఆపి ఉన్నప్పటి 226ను మీరు వాడి ఉంటే పవర్ 1401 వాట్లని, నిరోధం 36.5 ఓములని వచ్చేది, రెండూ తప్పే. మీరు 218 వాడారు, మంచి పని చేశారు.

టాంగ్ టెస్టరు దవడల మధ్య ఒక్క తీగనే పెట్టాలి. ఫేజు, న్యూట్రల్ రెండూ కలిసి ఉన్న కేబుల్‌ను పట్టుకుంటే పోయే కరెంటు, వచ్చే కరెంటు ఒకదాన్నొకటి కొట్టేసుకుని మీటరు సున్నా చూపిస్తుంది. చిన్న కరెంటును కొలవాలంటే ఆ ఒక్క తీగను దవడ చుట్టూ అయిదు చుట్లు తిప్పి, వచ్చిన అంకెను అయిదుతో భాగిస్తే కచ్చితత్వం పెరుగుతుంది. ఎల్‌ఈడీ బల్బులు, ఛార్జర్లు, ఇన్వర్టరు ఏసీల వంటివాటిని కొలవాలంటే ట్రూ ఆర్ఎంఎస్ అని రాసి ఉన్న టెస్టరే వాడాలి, మామూలు టెస్టరు వాటి వంకర అలలను తప్పుగా చదువుతుంది.

మల్టీమీటరును ఓముల స్థానంలో పెట్టి సరఫరా ఉన్న తీగలను ఎప్పుడూ తాకించకూడదు. దానికన్నా ప్రమాదకరమైనది ఆంపియర్ల స్థానంలో పెట్టి సాకెట్టులో దూర్చడం. ఆ స్థానంలో మీటరు నిరోధం దాదాపు సున్నా కాబట్టి అది నేరుగా షార్ట్ సర్క్యూట్ చేసినట్టే, మీటరు చేతిలోనే పేలవచ్చు. మోటారు వైండింగు వంటి తక్కువ ఓములను కొలిచేటప్పుడు ముందుగా మీటరు రెండు మొనలనూ ఒకదానికొకటి తాకించి చూడండి. 0.2 నుంచి 0.5 ఓముల వరకు ఆ తీగలదే చూపిస్తుంది. దాన్ని కొలతలోంచి తీసేయాలి. మీ 4 ఓముల అంకెలో ఇది కలిసి ఉందేమో చూసుకోండి.

రాడ్డు నడుస్తుండగా నీళ్లలో చేయి పెట్టి వేడి చూసేవాళ్లు ఇంకా ఉన్నారు కాబట్టి ఇదే సూత్రంతో ఒక మాట చెప్పాలి. తడి శరీరం నిరోధం వెయ్యి ఓముల దాకా పడిపోవచ్చు. 230ని వెయ్యితో భాగిస్తే 0.23 ఆంపియర్లు. ప్రాణం కాపాడే ఆర్‌సీసీబీ 0.03 ఆంపియర్ల లీకేజీకే సరఫరాను తెంచేలా తయారవుతుంది. ఈ రెండు అంకెల మధ్య తేడా చూస్తే స్విచ్ ఆపి, ప్లగ్గు తీసిన తర్వాతే నీళ్లను తాకాలని వేరే చెప్పనక్కర లేదు.

మీరు అడగలేదు కానీ, మీరిచ్చిన అంకెల్లో నాకు ఆందోళన కలిగించింది ఒకటుంది. రాడ్డు ఆపితే 226, నడిపితే 218. ఈ 8 వోల్టులు ఎక్కడికి పోయాయి? స్తంభం నుంచి సాకెట్టు దాకా వచ్చే దారిలో, అంటే సర్వీసు వైరు, మీటరు, ఎంసీబీ (కరెంటు మితిమీరితే సరఫరా తెంచే స్విచ్), గోడలోని వైరింగు, సాకెట్టు కొనలలో పోయాయి. ఆ దారి నిరోధాన్ని కూడా అదే సూత్రంతో కనుక్కోవచ్చు: 8 ÷ 6.2 = 1.3 ఓములు. అందులో వృథాగా వేడి అవుతున్న పవర్ 8 × 6.2, అంటే దాదాపు 50 వాట్లు. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు కిలోమీటరుకు సుమారు 12 ఓములు ఉంటుంది. ఎంసీబీ నుంచి సాకెట్టుకు 20 మీటర్లు ఉందనుకున్నా, పోయేది వచ్చేది కలిపి 40 మీటర్లకు అర ఓము కూడా రాదు. సర్వీసు వైరుకు కొంత కలిపినా 1.3 ఓములు ఎక్కువే అనిపిస్తోంది.

పొరుగువాళ్ల లోడు మారడం వల్ల కూడా వోల్టేజీ అటూ ఇటూ అవుతుంది కాబట్టి, రాడ్డును కొన్నిసార్లు వేసి ఆపుతూ ప్రతిసారీ అదే తేడా వస్తోందో లేదో ముందు నిర్ధారించుకోండి. వస్తుంటే రాడ్డు నడుస్తుండగా ఎంసీబీ దగ్గర కూడా వోల్టేజీ కొలిపించండి. ఈ పని తెలిసిన ఎలక్ట్రీషియన్ చేతనే చేయించాలి. అక్కడ 224 ఉండి సాకెట్టులో 218 ఉంటే 6 వోల్టులు ఇంటి లోపలే పోతున్నాయన్నమాట, ఎక్కడో స్క్రూ వదులైంది లేదా సాకెట్టు లోపలి పట్టు సడలింది. అరగంట నడిచాక ప్లగ్గు తీసి, దాని పిన్నుల దగ్గర ప్లాస్టిక్ రంగు మారిందేమో చూడండి.

దీనికి ఇంత ప్రాముఖ్యం ఎందుకు ఇస్తున్నానంటే, వదులైన కనెక్షన్‌లో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఒక సాకెట్టు కొనలో అర ఓము నిరోధం ఏర్పడిందనుకోండి. 13 ఆంపియర్లు తీసుకునే 3000 వాట్ల గీజరు దాని మీద నడిస్తే 13 × 13 × 0.5, అంటే 84 వాట్లకు పైగా వేడి గోరంత చోటులో పుడుతుంది. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్లు మూడింటిని ఆ సాకెట్టులోపల పెట్టి ఉంచినట్టు. కరిగిపోయిన ప్లగ్గులు, కాలిన స్విచ్ బోర్డుల వెనుక చాలాసార్లు ఇదే కారణం కనిపిస్తుంది. ఎంసీబీ దీన్ని పట్టుకోలేదు, ఎందుకంటే మొత్తం కరెంటు పెరగలేదు, కొంచెం తగ్గింది కూడా.

ఇప్పుడు మోటారు. 4 ఓముల వైండింగుకు 218 వోల్టులు ఇస్తే 54 ఆంపియర్లు రావాలి, 6.8 మాత్రమే ఎందుకు వచ్చిందన్నది మీ ప్రశ్న. ఆ 4 ఓములు నిజమే. రాగి తీగ నిరోధం అంతే. కానీ ఏసీ సరఫరాలో, అంటే దిశ మారుతూ ఉండే మన ఇంటి కరెంటులో, ఇనుప కోర్ మీద చుట్టిన తీగ కరెంటుకు ఇంకో రకంగా కూడా ఎదురు నిలుస్తుంది. మారుతున్న అయస్కాంత క్షేత్రం ఆ వైండింగులోనే సరఫరాకు వ్యతిరేక దిశలో మరో వోల్టేజీని పుట్టిస్తుంది. రోటరు తన పూర్తి వేగంతో తిరుగుతున్నప్పుడు సరఫరా వోల్టేజీలో అధిక భాగాన్ని ఈ ఎదురు వోల్టేజీయే తట్టుకుంటుంది, మిగిలిన కొద్దిపాటి వోల్టేజీయే రాగి తీగ నిరోధంలో కరెంటును నడుపుతుంది. 218 ÷ 6.8 = 32 అన్నది ఈ మొత్తం అడ్డంకి.

అయితే 4 ఓముల అంకె దండగ కాదు. వైండింగు ఎంత కాగుతుందో చెప్పేది అదే. 6.8 × 6.8 × 4 = 185 వాట్లు. కెపాసిటరు ఉన్న మోటారులో కొంత కరెంటు స్టార్టింగ్ వైండింగు గుండా కూడా పోతుంది కాబట్టి ఇది సుమారు అంకె అనుకోండి. అంత వేడి ఆ రాగి తీగలో పుడుతోంది. పంపు ఇరుక్కుని రోటరు ఆగిపోతే ఎదురు వోల్టేజీ బాగా పడిపోయి కరెంటు అయిదారు రెట్లు పెరుగుతుంది, ఈ వేడి వర్గంలో, అంటే పాతిక ముప్పై రెట్లు పెరుగుతుంది. మోటారు నిమిషాల్లో కాలిపోవడానికి కారణం ఇదే.

తర్వాత పవర్. ఏసీలో కరెంటు వోల్టేజీతో కలిసి నడవకుండా కొంత వెనకబడితే, ఆ రెండింటి లబ్ధంలో కొంత భాగం మాత్రమే నిజమైన పనిగా మారుతుంది. ఆ భాగాన్నే పవర్ ఫ్యాక్టర్ అంటారు. ఏసీ మోటారుకు పవర్ = వోల్టేజీ × కరెంటు × పవర్ ఫ్యాక్టర్. మీ మోటారుకు అది 0.8 అనుకుంటే 1482 × 0.8 = 1186 వాట్లు. ఒక హార్స్‌పవర్ అంటే 746 వాట్లు కదా, మరి 1186 ఎందుకు అంటే, 746 అన్నది షాఫ్టు దగ్గర మోటారు బయటికిచ్చే పని, 1186 లోపలికి తీసుకునేది. మధ్యలో పోయినది వైండింగు వేడి, ఇనుము వేడి, బేరింగుల రాపిడి. మోటారు దక్షత 63 శాతం వస్తోంది, చిన్న సింగిల్ ఫేజ్ మోటారుకు ఇది నమ్మదగిన అంకె. ఎల్‌ఈడీ బల్బులకు కూడా ఇదే వర్తిస్తుంది. 9 వాట్ల బల్బుకు 0.039 ఆంపియర్లు రావాల్సిన చోట టెస్టరు దాదాపు రెట్టింపు చూపిస్తే బల్బు మోసం కాదు, దాని పవర్ ఫ్యాక్టర్ తక్కువ. బ్యాటరీ, సోలార్ ప్యానెల్ వంటి డీసీ సరఫరాలో ఈ గొడవ లేదు, అక్కడ వోల్టేజీ, కరెంటుల లబ్ధమే పవర్.

హీటరుకు, మోటారుకు అసలు తేడా తక్కువ వోల్టేజీలో బయటపడుతుంది. హీటరు వోల్టేజీ తగ్గితే తక్కువ కరెంటు తీసుకుని ఊరుకుంటుంది. మోటారు మీద నీటి భారం మాత్రం తగ్గదు, ఆ పనిని నెరవేర్చడానికి అది ఎక్కువ కరెంటును లాగుతుంది, వైండింగు ఇంకా కాగుతుంది. అందుకే వోల్టేజీ పడిపోయిన రోజుల్లో రాడ్లు చెడిపోవు, మోటార్లు మా షాపులకు వస్తాయి.

వైరు ఎంపికలో పొరపాటు వల్ల కూడా ఇదే జరుగుతుంది. ఇంటి నుంచి 100 మీటర్ల దూరంలో ఉన్న బావికి 2.5 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం వైరు లాగారనుకోండి. అది కిలోమీటరుకు సుమారు 12 ఓములు, పోను రాను 200 మీటర్లకు 2.4 ఓములు. 6.8 ఆంపియర్లు నడిచేటప్పుడు వైరులో 16 వోల్టులు, 111 వాట్లు పోతాయి. మోటారు మొదలయ్యే క్షణంలో పరిస్థితి ఇంకా కష్టం. 230 వోల్టులు అందితే 34 ఆంపియర్లు తీసుకునే మోటారు ఆ క్షణంలో 6.8 ఓముల అడ్డంకితో సమానం. దానికి వైరు 2.4 ఓములు తోడైతే కరెంటు 25 ఆంపియర్లకు తగ్గి, మోటారు కొనల దగ్గర 170 వోల్టులే మిగులుతాయి. తిరగడానికి కావలసిన బలం వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి సగానికి కొంచెం పైన మాత్రమే బలం వస్తుంది. మోటారు తిరగకుండా మూలుగుతూ ఉంటుంది. వచ్చినవాళ్లు కెపాసిటరు మారుస్తారు, బేరింగులు మారుస్తారు, వైరును మాత్రం ఎవరూ అనుమానించరు. అదే చోట 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేస్తే మొత్తం నిరోధం 0.92 ఓములకు దిగుతుంది, నడిచేటప్పుడు 6 వోల్టులే పోతాయి.

కరెంటు పోయి తిరిగి వచ్చినప్పుడు ఆటో స్టార్టర్లున్న మోటార్లన్నీ ఒకేసారి ఈ స్టార్టింగ్ కరెంటును అడుగుతాయి. ఆ ఊరి ట్రాన్స్‌ఫార్మర్ మీద పడే భారం ఎంతో ఊహించండి. తెలంగాణలో వ్యవసాయానికి 2018 జనవరి 1 నుంచి 24 గంటల సరఫరా మొదలైనప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయమని రైతులను కోరడం వెనుక ఈ కారణం కూడా ఉంది.

పెద్ద దూరాలకు ఇదే లెక్క ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. రామగుండం ఎన్టీపీసీ విద్యుత్ కేంద్రంలో 500 మెగావాట్ల ఉత్పత్తి యంత్రాలున్నాయి. అలాంటి ఒక యంత్రం ఉత్పత్తిని పవర్ ఫ్యాక్టర్ ఒకటి అనుకుని 400 కిలోవోల్టుల దగ్గర పంపితే ఒక్కో ఫేజులో 722 ఆంపియర్లు చాలు. అదే పవర్‌ను మన వీధుల్లో కనిపించే 11 కిలోవోల్టుల దగ్గర పంపాలంటే 26 వేల ఆంపియర్లకు పైగా కావాలి, అదే తీగల్లో వృథా వెయ్యి రెట్లు దాటుతుంది.

పొలాల్లోని త్రీ ఫేజ్ మోటార్లకు సూత్రం కొంచెం మారుతుంది: రెండు ఫేజుల మధ్య వోల్టేజీ × ఒక తీగలోని కరెంటు × 1.732 × పవర్ ఫ్యాక్టర్. 5 హార్స్‌పవర్ సబ్‌మెర్సిబుల్‌కు 410 వోల్టులు, 8.5 ఆంపియర్లు, పవర్ ఫ్యాక్టర్ 0.82 అనుకుంటే 4950 వాట్లు వస్తుంది. 1.732 వాడకుండా మూడు తీగల కరెంట్లను కూడి 410తో, పవర్ ఫ్యాక్టరుతో గుణించడం పెద్ద తప్పు, అసలు కన్నా 1.7 రెట్లు ఎక్కువ వస్తుంది. ఈ మోటార్లలో వైండింగు నిరోధానికి ఇంకో ఉపయోగం ఉంది. పరకాల, నర్సంపేట వైపు నుంచి మోటారు వస్తే మేము ముందుగా మూడు జతల కొసల మధ్య ఓములు కొలుస్తాం. మూడూ సమానంగా ఉండాలి. రెండు జతలు 3.9 చూపి ఒకటి 3.2 చూపిస్తే అంకె పెద్దదా చిన్నదా అన్నది కాదు ముఖ్యం, తేడా ముఖ్యం. లోపల కొన్ని చుట్లు ఒకదానికొకటి అంటుకుపోయాయని దానర్థం. బాడీకి, వైండింగుకు మధ్య ఇన్సులేషన్ సంగతి మాత్రం మల్టీమీటరుతో తేలదు, దానికి మెగ్గరు వాడాలి.

రాగి నిరోధం వేడితో పెరుగుతుంది కాబట్టి దాన్ని థర్మామీటరుగా కూడా వాడుకోవచ్చు. 30 డిగ్రీల దగ్గర 4.0 ఓములున్న వైండింగు, బాగా నడిచి ఆపిన వెంటనే 4.8 చూపించిందనుకోండి. చల్లటి ఉష్ణోగ్రతకు 235 కలిపి, ఓముల నిష్పత్తితో గుణించి, మళ్లీ 235 తీసేయాలి: 265 × 1.2 − 235 = 83 డిగ్రీలు. మోటారు బాడీ మీద చేయి పెట్టి అంచనా కట్టడం కంటే ఇది ఎంతో నమ్మకమైన పద్ధతి, ఎందుకంటే లోపలి వేడి బయటికి పూర్తిగా తెలియదు.

చివరిగా మీ మోటారు అసలు వాట్లు. ఎలక్ట్రానిక్ మీటరు మీద ఒక ఎర్రటి చిన్న లైటు మిణుకుతుంటుంది, పక్కనే ఒక యూనిట్‌కు ఎన్ని మిణుకులో ముద్రించి ఉంటుంది. చాలా మీటర్ల మీద 3200 అని ఉంటుంది, మీదాని మీద ఎంత ఉందో చూసుకోండి. ఇంట్లో ఫ్రిజ్, ఫ్యాన్లు సహా అన్నీ ఆపేసి, ముందుగా రాడ్డు ఒక్కటే వేయండి. నిమిషానికి వచ్చే మిణుకులను 60తో గుణించి 3200తో భాగిస్తే కిలోవాట్లు వస్తాయి. మీ రాడ్డుకు నిమిషానికి దాదాపు 72 రావాలి, వస్తే మీ పద్ధతి సరైనదని తేలుతుంది. తర్వాత రాడ్డు తీసి మోటారు ఒక్కటే నడిపి లెక్కించండి, అదే సమయంలో వోల్టేజీ, కరెంటు కూడా రాసుకోండి. 63 మిణుకులు వచ్చాయనుకోండి, 63 × 60 ÷ 3200 = 1.18 కిలోవాట్లు. దాన్ని 1482తో పోలిస్తే 0.8, అదే మీ పవర్ ఫ్యాక్టర్. ఆ నిష్పత్తి 0.7 కంటే బాగా తక్కువ వస్తే రన్నింగ్ కెపాసిటరు బలహీనపడి ఉండవచ్చు, మోటారు విప్పకముందే దాని మైక్రోఫ్యారడ్లు కొలిపించి, మీద ముద్రించిన అంకెతో సరిచూడండి. కొలిచే ముందు కెపాసిటరును తప్పకుండా డిశ్చార్జ్ చేయించాలి. మిణుకుల సంఖ్య, ఎంసీబీ దగ్గరి వోల్టేజీ ఈ రెండూ ఇక్కడ రాస్తే మిగతా లెక్కను నేను చూసి చెబుతాను.